ఒకే ట్రాన్స్‌ఫార్మరు, వేరువేరు వోల్టేజీలు: న్యూట్రలు తీగ, నేల, మన భద్రత

పల్లెలో దీపాలు పెట్టే వేళ అప్పుడప్పుడు ఒక వింత కనబడుతూ ఉంటుంది. ఒక యింట దీపం మసకబారిపోతుంది. ఎదురింట అదే సమయాన దీపం కళ్ళు చెదిరేటట్లు వెలిగి, చటుక్కున ఆరిపోతుంది; టెలివిజను కాలిన వాసన వస్తుంది. "వోల్టేజి చాలడం లేదు" అని ఒకరంటే, "వోల్టేజి ఎక్కువైపోయింది" అని మరొకరంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఇద్దరికీ కరెంటు ఇచ్చేది ఊరి మధ్య స్తంభాలమీద నిలబడి ఉన్న ఒకే ట్రాన్స్‌ఫార్మరు.

ఇటువంటప్పుడు "ఎర్తు చెడిపోయింది" అనడమూ, ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కనున్న గుంటలో బిందెలతో నీళ్ళు పోయడమూ పరిపాటి. ఒక్కొక్కసారి దీపాలు కొంచెం సర్దుకొంటాయి, ఒక్కొక్కసారి ఏ మార్పూ ఉండదు. దీనికి కారణమేమిటో తెలిసికోవడానికి పెద్ద గణితం అక్కరలేదు. ఓమ్ నియమం, ఒక త్రిభుజం చాలును. తెలిసికొనకపోతే నష్టం సామానుతో ఆగదు. మనుషుల ప్రాణాలకూ, పశువుల ప్రాణాలకూ వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మరు చేసే పని

1831లో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయంపై రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిలో కరెంటు మారినప్పుడు రెండవదానిలో విద్యుత్తు పుట్టడం గమనించాడు. రెండు చుట్టలకూ నడుమ తీగ సంబంధమేమీ లేదు. ఇనుములోని అయస్కాంత బలరేఖలే వాటిని కలుపుతున్నవి. 1885లో బుడాపెస్టులోని గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ ఈ సూత్రాన్ని వాడుకకు పనికివచ్చే ట్రాన్స్‌ఫార్మరుగా రూపొందించారు. 1891లో జర్మనీలో లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టుకు సుమారు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల విద్యుత్తును పంపి చూపారు. నేడు మన ఊళ్ళకు వచ్చే విద్యుత్తు ఆ పద్ధతిలోనిదే.

ఊరి ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను 433 వోల్టులకు దింపుతుంది. హెచ్చు వోల్టేజి వైపున ఉన్న మూడు చుట్టలను త్రిభుజాకారంగా కలుపుతారు; దీనిని డెల్టా అంటారు. తక్కువ వోల్టేజి వైపున మూడు చుట్టల ఒక్కొక్క కొనను ఒకచోట ముడివేస్తారు. దీనిని స్టార్ అంటారు. ఆ ముడినుండి వచ్చే తీగయే న్యూట్రలు. మిగిలిన మూడు కొనలనుండి ఎరుపు, పసుపు, నీలం ఫేజులు బయలుదేరుతాయి.

తీగల వెంట కొంత తగ్గగా, వినియోగదారుని దగ్గర రెండు ఫేజుల నడుమ సుమారు 415, ఫేజుకూ న్యూట్రలుకూ నడుమ సుమారు 240 వోల్టులు ఉంటాయనుకొందాం. ఇండ్లలో దీపాలు ఒక్క ఫేజుకూ న్యూట్రలుకూ నడుమ వెలుగుతాయి. బోరు మోటార్లు మూడు ఫేజులమీద తిరుగుతాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. రెండు వైపుల చుట్టలకూ తీగ సంబంధం లేదన్నాము. కాబట్టి తక్కువ వోల్టేజి వైపునకు నేలతో స్వతస్సిద్ధమైన సంబంధమేమీ ఉండదు. ఆ సంబంధాన్ని మనమే కల్పించాలి. న్యూట్రలు ముడిని లోతుగా పాతిన గొట్టానికి కలపడమే భూసంధానం, అనగా ఎర్తింగు. 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నిబంధనలు న్యూట్రలును కనీసం రెండు వేరువేరు మార్గాల ద్వారా నేలకు కలపవలెనని విధించాయి. తరువాత వచ్చిన నిబంధనలలోనూ ఈ సూత్రం నిలిచే ఉన్నది.

మూడు మేకుల త్రిభుజం

ఒక చెక్క పలకమీద 41.5 సెంటీమీటర్ల భుజం గల సమబాహు త్రిభుజం గీచి, మూడు శీర్షాలలో మూడు మేకులు కొట్టండి. ఒక సెంటీమీటరు పది వోల్టులకు గుర్తు. ఆ మేకులే మూడు ఫేజులు. ఏ రెండింటి నడుమ చూచినా 415 వోల్టులు. త్రిభుజ కేంద్రం ప్రతి శీర్షానికీ 24 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. అదే 240 వోల్టులు. ఆ కేంద్రమే న్యూట్రలు.

ఇప్పుడు ఒక చిన్న కడియానికి మూడు రబ్బరు పట్టీలు కట్టి, వాటి రెండవ కొనలను మూడు మేకులకు తగిలించండి. పట్టీలు ఆయా ఫేజులమీద ఉన్న దీపాలు, ఫ్యానులు వగైరా భారం. మూడూ ఒకే మందంగా ఉంటే కడియం సరిగా కేంద్రంలో నిలుస్తుంది. ఒక పట్టీ మందంగా ఉంటే, అనగా ఆ ఫేజుమీద భారం ఎక్కువగా ఉంటే, కడియం ఆ మేకువైపు జరుగుతుంది. ఆ మేకుకు దూరం తగ్గుతుంది, తక్కిన వాటికి పెరుగుతుంది. దూరమంటే వోల్టేజి గదా! ఎక్కువ వాడుకొనే వారికి వోల్టేజి పడిపోతుంది, తక్కువ వాడుకొనే వారికి పెరిగిపోతుంది.

నిజమైన లైనులో ఇలా జరగకుండా ఆపేది న్యూట్రలు తీగ. కడియంలోనుండి కేంద్రంలో ఒక మేకు దిగగొట్టినట్లు, అది ఆ బిందువును కదలనీయదు. మూడు వైపుల లాగుడులోని తేడాను తానే భరిస్తుంది. అనగా మూడు ఫేజుల భారంలోని తేడాకు తగిన కరెంటు దానిలో తిరుగు ప్రయాణం చేస్తుంది. భారం సమానంగా ఉంటే న్యూట్రలులో కరెంటు దాదాపు ఉండదు. ఊళ్ళో భారం సమానంగా ఉండడం అరుదు కనుక న్యూట్రలుకు ఎప్పుడూ పని ఉంటుంది.

న్యూట్రలు తెగినప్పుడు

కేంద్రంలోని మేకు ఊడితే ఏమవుతుందో లెక్క కట్టి చూద్దాం. ఎరుపు ఫేజుమీద 48 ఓముల భారం (240 వోల్టుల వద్ద 1200 వాట్లు), పసుపు ఫేజుమీద 240 ఓముల భారం (240 వాట్లు) ఉన్నాయనుకొందాం. నీలం ఫేజుమీద ఏమీ లేదు. న్యూట్రలు తెగగానే ఈ రెండు భారాలూ 415 వోల్టుల నడుమ వరుసగా చేరినట్లవుతుంది.

మొత్తం నిరోధం 288 ఓములు. కరెంటు 415ను 288తో భాగిస్తే 1.44 ఆంపియర్లు. ఎరుపు ఫేజు ఇంటికి మిగిలేది 1.44 × 48, అనగా సుమారు 69 వోల్టులు. పసుపు ఫేజు ఇంటిమీద పడేది సుమారు 346 వోల్టులు. మొదటి యింట దీపం మసక. రెండవ యింట టెలివిజను బూడిద. మనం మొదట చూచిన వింత ఇదే.

ఇందులో కంటికి కనబడని ప్రమాదం మరొకటి ఉన్నది. కేంద్రాన్ని వదలిన న్యూట్రలు తీగ ఇప్పుడు నేలకు సమానంగా లేదు. పై లెక్క ప్రకారం త్రిభుజంమీద కొలిచి చూస్తే, దానికీ కేంద్రానికీ దూరం సుమారు 18.3 సెంటీమీటర్లు, అనగా 183 వోల్టులు. "న్యూట్రలే గదా" అని ముట్టుకొన్న చేతికి అది ఫేజు తీగ అంతటి ప్రమాదకరం.

న్యూట్రలు పూర్తిగా తెగనక్కరలేదు. అల్యూమినియం తీగ కట్టు వదులైనా, ముడి తుప్పుపట్టినా అక్కడ నిరోధం పెరిగి కడియం కొంత కదులుతుంది. గాలి వీచినప్పుడల్లా దీపాలు మినుకుమినుకు మనడం దీనికి గుర్తు.

ఎర్తు తెగినప్పుడు

ఇది వేరు జబ్బు. పలకమీద కేంద్రం దగ్గరనే నేలకు గుర్తుగా ఒక చుక్క పెట్టండి. ఎర్తింగు సరిగా ఉన్నంతవరకు న్యూట్రలు, నేల అనే రెండు బిందువులూ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఎర్తు తీగ తెగితే కడియం త్రిభుజ కేంద్రం నుండి కదలదు. మేకులతోసహా త్రిభుజమంతా నేల చుక్కనుండి ప్రక్కకు జరగగలదు. ఫేజుల నడుమ 415, ఫేజుకూ న్యూట్రలుకూ 240 చెక్కుచెదరవు. దీపాలు మామూలుగానే వెలుగుతాయి. కాని ఫేజుకూ నేలకూ నడుమ కొలిస్తే ఒకటి 180, ఒకటి 300 అన్నట్లు పొంతన లేని అంకెలు వస్తాయి.

ఆ అంకెలు నిలకడగా కూడా ఉండవు. తీగలకూ నేలకూ నడుమ గాలి ఉన్నది. రెండు వాహకాల నడుమ గాలి ఉంటే అది ఒక కెపాసిటరు. ఎర్తు లేని తీగలకు నేలతో ఉన్న సంబంధమల్లా ఈ బలహీనమైన కెపాసిటర్లూ, తడిసిన పింగాణీమీది స్వల్పమైన లీకేజీయే. డిజిటల్ మీటరు నిరోధం సామాన్యంగా కోటి ఓములు కాబట్టి ఇంత బలహీనమైన వోల్టేజిని కూడా చూపిస్తుంది. తక్కువ నిరోధం గల మరొక మీటరు వేరొక అంకె చూపుతుంది. తప్పు మీటరుది కాదు. కొలవదగిన స్థిరమైన సంబంధమే అక్కడ లేదు.

ఈ స్థితిలో ఒక ఫేజు చెట్టుకొమ్మకో, ఇనుప స్తంభానికో గట్టిగా తగిలితే నేల చుక్క ఆ శీర్షాన్ని చేరుతుంది. తక్కిన రెండు ఫేజులూ నేలకు 415 వోల్టుల ఎత్తునకు పోతాయి. న్యూట్రలు 240కి పోతుంది. అయినా ఫ్యూజు పోదు, దీపం ఆరదు. అంతకన్న ఘోరమైనది, ట్రాన్స్‌ఫార్మరులోపల 11,000 వోల్టుల చుట్టకూ తక్కువ వోల్టేజి చుట్టకూ నడుమ బంధకం చెడడం. న్యూట్రలు నేలకు కలిపి ఉంటే హెచ్చు వోల్టేజి నేలలోకి దిగుతుంది. లేకపోతే ఇండ్ల తీగలమీదికి వస్తుంది.

కొలతలనుబట్టి జబ్బును గుర్తించడం

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఈ కొలతలు తీయవలసినది శిక్షణ పొందిన లైన్‌మన్, ఇంజనీరు మాత్రమే. కాని వాటి అర్థం అందరికీ తెలియవచ్చును. ఫేజుకు ఫేజు, ఫేజుకు న్యూట్రలు, ఫేజుకు నేల, న్యూట్రలుకు నేల అనే నాలుగు రకాల కొలతలు తీస్తారు.

మొదటిది: మూడు ఫేజులూ కలిసి తగ్గితే అది భారం ఎక్కువ కావడం. కరెంటు రాగానే బోరు మోటార్లన్నీ ఆటో స్టార్టర్లతో ఒక్కసారిగా బయలుదేరినప్పుడు ఇలా అవుతుంది.

రెండవది: ఫేజుల నడుమ 415 సరిగా ఉండి, ఫేజుకూ న్యూట్రలుకూ నడుమ ఒకటి పెరిగి ఒకటి తగ్గితే న్యూట్రలు తెగినదో, వదులైనదో. ఏ స్తంభం వరకు ఇండ్లు బాగున్నవో, ఏ స్తంభం నుండి చెడినవో చూస్తే ఆ రెంటి నడుమ లోపం దొరుకుతుంది. ఊరంతా చెడితే ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రలు బిగింపునే అనుమానించాలి.

మూడవది: ఆ రెండు కొలతలూ సరిగా ఉండి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నేలకు తీసిన కొలతలు మాత్రమే పొంతన లేకుండా ఉంటే ఎర్తింగు తెగినట్లు.

నాల్గవది: 11,000 వోల్టుల వైపు ఒక ఫ్యూజు పోతే, భారాలు సమానంగా ఉన్నచోట, ఒక ఫేజు 240గానే ఉండి తక్కిన రెండూ 120కి పడిపోతాయి. ఫేజుల నడుమ కొలిస్తే 360, 360, సున్న వస్తాయి. మోటారు తిరగక మూలుగుతుంది, ఆపకపోతే కాలుతుంది.

బయ్యారం నేలలో ఎర్తింగు

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారం ఇనుప ఖనిజానికి పేరుగన్నది. "ఇనుమున్న నేలలో కరెంటు సులువుగా పోతుంది గదా, మా ఊళ్ళో ఎర్తింగుకు కొదువేమిటి?" అని అక్కడి విద్యార్థి అడిగితే అది మంచి ప్రశ్నే. ఖనిజం వేరు, లోహం వేరు. ఖనిజంలో ఇనుము ఆక్సిజనుతో కలిసి ఉంటుంది. ఎర్రని హెమటైటు విద్యుత్తుకు మంచి వాహకం కాదు. మాగ్నెటైటు కొంత మేలైన వాహకమేగాని, రాతిలో రేణువులుగా చెదరి ఉన్నప్పుడు తెగిన గొలుసువలె దారి ఇవ్వదు. నేలలో కరెంటును మోసేది ప్రధానంగా నీరు, నీటిలో కరిగిన లవణాలు.

కాబట్టి ఖనిజపు కొండకన్న చెరువుకట్ట క్రింది మాగాణియే ఎర్తింగుకు మేలు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువు బయ్యారంలో ఉన్నది. అటువంటి చెరువుల క్రింద తేమ నిలిచే మాగాణిలో ఎర్తు గొట్టం నిరోధం తక్కువగా ఉంటుంది. ఎత్తుమీది గులక చలకలో వేసవిలో ఎన్నో రెట్లు పెరుగుతుంది.

దీనికి లెక్క ఉన్నది. రెండున్నర మీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని 100 ఓమ్-మీటర్ల విశిష్ట నిరోధం గల నేలలో పాతితే దాని నిరోధం సుమారు 35 ఓములు. తేమవల్ల విశిష్ట నిరోధం 20కి దిగితే 7 ఓములు. ఎండిన గులకలో అది 1000 అయితే 350 ఓములు! ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రలుకు మాత్రం 5 ఓములకు లోపుగా ఉంచాలని చూస్తారు.

ఇరుకు సందులోనుండి జాతర జనం బయటపడేటప్పుడు త్రొక్కిసలాట సందు మొగలోనే. మైదానంలోకి వచ్చాక ఎవరి దారి వారిది. కరెంటుకూ అంతే. గొట్టం చుట్టూ జానెడు దూరంలోని మట్టిలోనే దాదాపు సగం నిరోధం ఉంటుంది. అందుకే గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, వేసవిలో నీళ్ళు పోస్తారు. ఒక గొట్టం చాలకపోతే ఎడంగా మరికొన్ని పాతి కలుపుతారు. ఉప్పు కాలక్రమాన కరిగిపోవడమే గాక గొట్టాన్ని తినివేస్తుంది కనుక ఏటేటా పరీక్ష అవసరం.

నేల న్యూట్రలుకు బదులు కాదు

న్యూట్రలు తెగినచోటనో, రానిచోటనో కొందరు ఒక ఫేజు మాత్రం తీసికొని, రెండవ కొనను పెరట్లో పాతిన గొట్టానికి కడతారు. దీపం వెలుగుతుంది. కాని లెక్క చూడండి. ఇంటి భారం 48 ఓములు, పెరటి గొట్టం 35, ట్రాన్స్‌ఫార్మరు ఎర్తు 5, మొత్తం 88 ఓములు. కరెంటు 2.73 ఆంపియర్లు. భారానికి దక్కేది 131 వోల్టులే. పెరటి గొట్టంమీద నిలిచేది 95 వోల్టులు. నీళ్ళు పోసినకొద్దీ దీపం వెలుగు పెరగడానికి కారణం ఇదే. అక్కడ నీరు మందుగా పని చేయడం లేదు. కరెంటు నేలలో పారుతున్నదని సాక్ష్యం చెబుతున్నది.

ఆ గొట్టం చుట్టూ నేలమీద అడుగడుగునా వోల్టేజి మారుతూ ఉంటుంది. ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ ఎడం ఎక్కువ గనుక పశువుకు మనిషికన్న ఎక్కువ వోల్టేజి తగులుతుంది. వానాకాలం స్తంభాల దగ్గర మేస్తున్న గేదెలు కూలిపోవడంలో రహస్యం ఇదే. అందుచేత దీపాలు తేడాగా వెలుగుతున్నప్పుడు ఎర్తు గుంటలో నీళ్ళు పోయడానికి వెళ్ళడం కూడా క్షేమం కాదు.

మోటారుకు ఎర్తు ఉంటే చాలునా? మోటారు ఒంటికి ఫేజు తగిలిందనుకొందాం. మోటారు ఎర్తు 35, ట్రాన్స్‌ఫార్మరు ఎర్తు 5, మొత్తం 40 ఓములు. కరెంటు 6 ఆంపియర్లు మాత్రమే. 15 ఆంపియర్ల ఫ్యూజు కదలదు. మోటారు ఒంటిమీద 210 వోల్టులు అలాగే నిలుస్తాయి. అందువలన ఎర్తింగుతోబాటు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజిని పసిగట్టి క్షణంలో కరెంటును తెంచే బ్రేకరు ఇండ్లలో ఉండడం మేలు. ఎర్తు తీగ లేకుండా ఆ బ్రేకరును మాత్రమే నమ్ముకోవడమూ తగదు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఇంటి కరెంటును ముట్టుకోకుండానే ఈ సంగతి చూపవచ్చును. ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లులు నాలుగేసి చొప్పున రెండు వరుసలు చేసి, ఆ రెంటినీ వరుసగా కలపండి. చివరి కొనల నడుమ 12 వోల్టులు. నడిమి ముడినుండి ఎటు చూచినా 6 వోల్టులు. 220 ఓములు, 2200 ఓముల నిరోధకాలను వరుసగా కలిపి, వాటి చివరలను 12 వోల్టులకు తగిలించండి. రెండు నడిమి ముడులనూ ఒక తీగతో కలపండి. అదే న్యూట్రలు. రెండు నిరోధకాలపైనా మీటరు 6 వోల్టులు చూపుతుంది.

నడిమి తీగ తీసివేయండి. చిన్న నిరోధకంమీద 1.1, పెద్దదానిమీద 10.9 వోల్టులు కనబడతాయి. ఇప్పుడు తెగిన రెండు కొనలకు రెండు ఇనుప మేకులు కట్టి, ఎండిన ఎర్రమట్టి కుండీలో ఎడంగా గుచ్చండి. పెద్ద మార్పు ఉండదు. ఉప్పునీరు పోయండి. అంకెలు ఒకదానివైపు ఒకటి జరుగుతాయి, కాని సమానం కావు. మట్టి తీగకు సాటి రాదని పిల్లలు తమ కళ్ళతోనే చూస్తారు.

న్యూట్రలు తీగ కరెంటును మోయడానికి. ఎర్తు తీగ వోల్టేజిని నేలకు కట్టి ఉంచడానికి, ఆపదలో దారి చూపడానికి. ఒకదాని పని మరొకదానిచేత చేయించరాదు. ఒక దీపం మసకబారి మరొక దీపం మితిమీరి వెలిగితే వెంటనే మెయిన్ స్విచ్చి తీసివేసి, 1912 నంబరుకో, దగ్గరి విద్యుత్ కార్యాలయానికో తెలియజేయాలి. ఇరుగుపొరుగు వారికీ చెప్పాలి, ఎందుకంటే ఆ క్షణాన 346 వోల్టులు ఎవరి యింటిమీద పడుతున్నవో మసక దీపం ముందు కూర్చున్న వారికి తెలియదు. ట్రాన్స్‌ఫార్మరు గద్దె ఎక్కడం, ఫ్యూజు తీగ తామే వేయడం ఎంతటి అనుభవశాలియైన రైతుకూ తగని పని. ఒక గంట చీకటి భరించవచ్చును. పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేము.